నల్లద్దానికి ఇవతల

మా ఆయన పళ్ళు చేస్తారు. డాక్టరు కాదు. డాక్టర్లు అచ్చులు తీసి పంపిస్తే, వాటికి సరిపడా పింగాణీ పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. పన్నంటే తెల్లగా ఉంటే చాలనుకుంటాం గానీ, చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు, మధ్యలో పాలరంగు, కొసకి వచ్చేసరికి గాజులా పల్చన. ఆ మార్పు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో కనపడకూడదు. కనపడితే అది కట్టుడు పన్నని ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఆయన చేసిన పళ్ళు పెట్టుకున్నవాళ్ళు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోరు.

ఆదివారం మాత్రం ఆయనకి నోళ్ళతో పని లేదు, ఆకాశం కావాలి. తెల్లవారే వేళకి కెమెరా, ట్రైపాడ్ కారులో పడేసుకుని ఊరి బయట రిజర్వాయరు దగ్గరికి వెళ్తాం. కెమెరా ఆయనది. ఫిల్టర్ల సంచీ నా భుజానికి ఉంటుంది.

"నోట్లో పళ్ళు పెట్టడంతో తనివి తీరలేదు, ఇప్పుడు ఆకాశానికి నల్ల కళ్ళజోడు కూడా పెడుతున్నారు," అంటారు మా అత్తగారు.

ఎగతాళికి అన్నా ఆ మాటలో నిజముంది. తెల్లవారేటప్పుడు ఆకాశం వెలుగు, నేల చీకటి. మన కన్ను రెంటినీ సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. నేల కనపడేటట్టు తీస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా పోతుంది. మబ్బులుండవు, రంగులుండవు. అలా పోయింది పోయినట్టే. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఎంత తంటాలు పడినా తిరిగి రాదు, అక్కడ తేవడానికి ఏమీ మిగిలి ఉండదు కాబట్టి. అందుకని పై సగం నల్లగా, కింది సగం మామూలుగా ఉండే నలుచదరపు అద్దాన్ని లెన్సు ముందు హోల్డరులో దింపుతాం. నలుపు ఆకాశం మీద పడుతుంది, నేల మీద పడదు. దాని అసలు పేరు గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డి ఫిల్టరు. మా ఇంట్లో దాని పేరు నల్లద్దం.

ఏ అద్దం పెట్టాలో చెప్పడం నా పని. ఆయన కెమెరాలో తల దూర్చేస్తారు, ఇక బయటి ప్రపంచం పట్టదు. నేను పక్కన నిలబడి, అద్దాన్ని కంటి ముందుకెత్తి, ఆకాశాన్నీ నీళ్ళనీ దాంట్లోంచి చూసి చెప్తాను. నీళ్ళ అంచు గీత గీసినట్టుంటే నలుపు టక్కున ఆగిపోయే హార్డ్. కొండలూ చెట్లూ అడ్డం వస్తే మెల్లగా కరిగిపోయే సాఫ్ట్. సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి లేస్తున్నాడంటే, అంచు దగ్గరే నలుపు చిక్కగా ఉండి పైకి పల్చబడే రివర్స్. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పేవాళ్ళుంటారు చూడండి, అలా అలవాటైపోయింది.

ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. గీతకి పైన ఏదున్నా నలుపు పడుతుంది. అద్దానికి ఆకాశమని, మనిషని తేడా తెలియదు. ఒకసారి ఆయన తొందరపడి హార్డ్ ఫిల్టరుతోనే నన్ను రిజర్వాయరు గట్టు మీద నిలబెట్టి తీశారు. గడ్డం దాకా మనిషిని, ఆ పైన బొగ్గు. అత్తగారు ఆ ఫొటో చాలాసేపు చూశారు.

"అమ్మాయి మొహం మాడ్చుకుని ఉంటుందిరా అంటే నమ్మవుగా. చూడు, కెమెరా కూడా అదే చెప్పింది," అన్నారు.

ఆ మధ్య మా పాత రివర్స్ అద్దం రాళ్ళ మీద పడి పగిలింది. కొత్తది చూద్దామని సోడాబుడ్డి దుకాణానికి వెళ్ళాం. పాత కెమెరాలూ లెన్సులూ అమ్మే చిన్న దుకాణం అది. దుకాణం యజమాని కళ్ళజోడు మందం చూసి మేం చాటుగా పెట్టుకున్న పేరు సోడాబుడ్డి. మూడు అద్దాలు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. రెండు పేరున్న కంపెనీలవి. మూడోది మెత్తటి తోలుముక్కలో చుట్టి ఉంది. దాని మీద కంపెనీ పేరు లేదు. అంచులు మిషను మీద కాక చేత్తో అరగదీసినట్టున్నాయి.

"ఇదెక్కడిదండీ?" అన్నాను.

"మూతపడ్డ స్టూడియో సామాన్లతో కలిసి వచ్చింది మేడమ్. ఎవరు చేశారో తెలీదు. ఇంతకుముందు ఒకళ్ళిద్దరు పట్టుకెళ్ళి మళ్ళీ తెచ్చిచ్చేశారు."

"ఎందుకు?"

"అడగలేదు. నచ్చలేదేమో. మీరు మూడూ పట్టుకెళ్ళండి. అద్దమూ అల్లుడూ ఇంట్లో పెట్టుకుని చూస్తే గానీ తెలియవు. నచ్చింది ఉంచుకుని మిగతావి ఇచ్చేయండి."

నేను ఊరికే పట్టుకెళ్ళే రకం కాదు. తెల్ల కాగితం అడిగి తీసుకుని, కిటికీ దగ్గర మూడు అద్దాలనూ దాని మీద పరిచాను. నలుపు నలుపుగానే ఉండాలి. చవకరకం అయితే అందులోంచి గులాబీ రంగో, నీలమో తొంగిచూస్తుంది. మొదటిదాంట్లో గులాబీ ఛాయ ఉంది. రెండోది కాస్త నయం. తోలుముక్కలోదానిలో ఏ రంగూ లేదు. కాగితం మీద సాయంకాలం పడినట్టు, అంతే. నలుపు ఎక్కడ మొదలైందో వెతికాను, దొరకలేదు.

"మీరు చేసిన పన్నులా ఉంది," అన్నాను. ఆయనకి అంతకంటే పెద్ద పొగడ్త ఉండదు.

ఆ ఆదివారం రిజర్వాయరు దగ్గర ఆ అద్దంతోనే తీశాం. అక్కడ నీళ్ళలోకి ఒక రాతిగట్టు పొడుచుకుని ఉంటుంది. గట్టు చివర నీటిమట్టం కొలిచే ఇనుప స్తంభం. గట్టుని ముందు పెట్టి, వెనక సూర్యోదయం. ఆయన చాలా తీశారు. నేను పక్కనే ఉన్నాను. మేం ఉన్నంతసేపూ గట్టు మీద పిట్ట కూడా వాలలేదు.

ఇంటికొచ్చాక ఫొటోలను పెద్దగా చేసి మూలమూలా చూడటం కూడా నా పనే. దుమ్ము మరకలు, వంకర అంచులు పట్టుకోవడం. గట్టు చివర, స్తంభం పక్కన, ఒక మనిషి ఉంది.

"ఎవరండీ ఈవిడ?"

"ఎవరో చేపలకి వచ్చుంటారు."

"మనం ఉన్నంతసేపూ గట్టు ఖాళీగా ఉంది."

"నువ్వు ఆకాశం చూస్తున్నావు."

"నేను చూసేదే గట్టునీ ఆకాశాన్నీ కలిపి. లేకపోతే అద్దం ఎలా చెప్తాను?"

ఆయన వంగి చూశారు. దూరంగా, వేలిగోరంత మనిషి. ఆడమనిషే. మొహం తెలియడం లేదు. అప్పుడు నాకు ఆ తేడా కనపడింది. ఫొటోలో ఆవిడ వెనక నీళ్ళ అంచు ఛాతీ ఎత్తున ఉంది. పక్కనున్న ఇనుప స్తంభం నీళ్ళ అంచు దాకా మామూలుగా ఉండి, ఆ పైన నల్లబడింది. వెనక ఆకాశం నల్లబడింది. ఆవిడ మాత్రం కాళ్ళ నుంచి తల దాకా ఒకటే వెలుగు. తల మీద నలుపు లేదు.

"స్తంభం మీద పడిన నలుపు ఆవిడ మీద ఎందుకు పడలేదు?" అన్నాను.

"ఏదో వెలుగు తిరిగి కొట్టుంటుంది."

వెలుగుతో ఆ లెక్క కుదరదు. నలుపు పడాలంటే మనిషి అద్దానికి అవతల ఉండాలి. పడలేదంటే ఇవతల ఉండాలి. అద్దానికి ఇవతల ఉండేది లెన్సు, ఆయన, నేను.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి మా వెనక నిలబడ్డారు. "ఎవరే ఆవిడ, అచ్చం నీలాగే నిలబడింది?"

"నాలాగా?"

"చెయ్యెత్తి ఏదో కంటి ముందు పెట్టుకుని చూస్తోంది కదా. నువ్వూ అంతేగా, గ్లాసు కడిగినా వెలుగుకెత్తి చూస్తేగానీ లోపల పెట్టవు."

ఎంత పెద్దగా చేసి చూసినా నాకు చెయ్యి తెలియలేదు. బొమ్మ చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో మేడ మీదికి వెళ్ళి మూడు అద్దాలతోనూ ఒకే దృశ్యం తీశాను. ఆరేసిన దుప్పట్లు, పిట్టగోడ, ఎదుటి భవనం మీద నీళ్ళ ట్యాంకు, ఆ పైన ఆకాశం. రెండు కంపెనీ అద్దాల్లో ఉన్నవే ఉన్నాయి. తోలుముక్క అద్దంతో తీసినదాంట్లో ట్యాంకు పక్కన ఆవిడ ఉంది. ఈసారి దగ్గరగా ఉంది. అత్తగారు చెప్పినట్టే చెయ్యెత్తి, వేళ్ళ మధ్య నలుచదరపు పలక ఒకటి కంటి ముందు పట్టుకుని ఉంది. భుజానికి సంచీ. మొహం తుడిచేసినట్టుంది. కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోట తెలుపే తప్ప ఏమీ లేదు.

నేను అద్దం ఎంచేటప్పుడు ఎలా నిలబడతానో ఆయన నన్ను చాటుగా తీసిన ఫొటోల్లో చూశాను. మోచెయ్యి పక్కటెముకకి ఆనించి, తల కాస్త వంచి. అదే భంగిమ. మేం ఆవిణ్ణి చూడటం కాదు, ఆవిడే మమ్మల్ని అద్దంలోంచి చూస్తోంది. ఏదో తేల్చుకుంటోంది.

ఆయన పని నుంచి రాగానే చూపించాను. "ఇచ్చేద్దామండీ ఇది."

"ఇంత శుభ్రమైన నలుపు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? నువ్వే కదా ఎంచావు?"

"నేనే ఎంచాను కాబట్టి నేనే ఇచ్చేద్దామంటున్నాను."

"ఒక్కసారి. సూర్యుడు నీళ్ళ మీదికి వచ్చేటప్పుడు ఒక్కటి సరిగ్గా తీసుకుని, నేనే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను. సరేనా?"

సరే అన్నాను. ఆదివారం దాకా ఆగుతారనుకున్నాను. మర్నాడు నేను లేచేసరికి పక్కమీద ఆయన లేరు, సంచీ లేదు.

టిఫిను వేళకి వచ్చారు. మా ఫ్లాటు ముందు వరండా పొడుగ్గా, కిటికీ లేకుండా ఉంటుంది. పగలైనా అక్కడ ఎవరొస్తున్నారో దగ్గరికి వస్తే గానీ తెలియదు. తలుపు తీసేసరికి అంత దూరం నుంచే ఆయన మొహం స్పష్టంగా కనపడింది. ఆయన వెనక గోడలు మసగ్గా ఉన్నాయి. చొక్కా మసగ్గా ఉంది. మొహం మాత్రం ఆరుబయట ఎండలో ఉన్నట్టుంది.

"లైటు వేశారా?" అన్నాను.

"లేదే," అని లోపలికి వెళ్ళారు.

అత్తగారు సంబరపడ్డారు. "ఏంట్రా, మొహం దీపం పెట్టినట్టుంది. పొద్దున్నే గాలి తగిలితే మంచిదే. నువ్వూ వెళ్ళు అమ్మాయ్, నీకూ కాస్త కళ వస్తుంది."

నేను కెమెరాలోంచి కార్డు తీసి చూశాను. సూర్యోదయం అద్భుతంగా ఉంది, అబద్ధమెందుకు. చివరి ఫొటోకి ఆయన టైమరు పెట్టి తనే వెళ్ళి గట్టు చివర స్తంభం పక్కన నిలబడ్డారు. స్తంభం పై సగం నల్లగా ఉంది. ఆయన తల నల్లగా లేదు. ఆయన పక్కనే ఆవిడ ఉంది. చెయ్యి దించేసింది. తేల్చుకోవడం అయిపోయినట్టు పలకని తొడ పక్కన పట్టుకుని నిలబడింది. ఆయన వైపు చూడటం లేదు. కెమెరా వైపు, అంటే ఇప్పుడు నేను కూర్చున్న వైపు తిరిగి ఉంది.

ఆ రోజు నుంచి ఆయన తెల్లబడటం మొదలుపెట్టారు. రంగు రావడం కాదు. ఫొటోలో వెలుగు ఎక్కువైతే వివరాలు పోతాయే, అలా. ముందు ఎడమ చెంప మీది పుట్టుమచ్చ పోయింది. భోజనం వడ్డిస్తూ చూశాను. నిన్న ఉంది, ఇవాళ లేదు. కళ్ళ పక్కన ముడతలు పోయాయి. ఎండలోకి వెళ్తే కళ్ళు చికిలించడం మానేశారు. ఏదైనా అడిగితే నెమ్మదిగా, బాగా దూరం నుంచి విన్నట్టు తలూపేవారు. తెల్లగోడకి ఆనుకుని కూర్చుంటే, ఇంట్లో ఉన్నారో లేరో రెండోసారి చూసుకోవలసి వచ్చేది.

ల్యాబు నుంచి ఫోను వచ్చింది. అక్కడి మేనేజరు మర్యాదస్తుడు, నసిగాడు. "సార్‌కి ఒంట్లో బాగాలేదా అమ్మా? రెండు రోజులుగా చేసిన పళ్ళన్నీ ఒకే తెలుపు. డాక్టరుగారు తిప్పి పంపేశారు, బాత్రూం పలకల్లా ఉన్నాయన్నారు. సార్‌కి చూపిస్తే, తేడా ఏముంది అంటున్నారు."

 పన్ను కొసన రంగు పావువంతు తగ్గిందని తెల్లవార్లూ కూర్చుని మళ్ళీ చేసిన మనిషి ఆయన.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తం బాగుంది, నాడి బాగుంది, విశ్రాంతి తీసుకోమన్నాడు. సంతకం పెట్టేటప్పుడు తలెత్తి, "మీవారు వెళ్ళిపోయారా?" అన్నాడు. ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నారు. వెనక తెల్ల తెర ఉంది.

ఆ సాయంత్రం అత్తగారు కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తున్నారు. రాస్తూ రాస్తూ ఆగారు. బొటనవేలితో గడ్డం కింద అటూ ఇటూ తడిమారు.

"మచ్చ ఏదే?"

నేను దగ్గరికి వంగి చూశాను.

"చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాడు. నేనే ఎత్తుకెళ్ళి కుట్లు వేయించాను. కుట్టు కుట్టుకీ నా వేలు కొరికాడు. ఆ మచ్చ ఎక్కడికి పోతుంది?" తన చూపుడువేలు చూసుకున్నారు, అక్కడేదో సాక్ష్యం ఉన్నట్టు. ఎన్నడూ లేనిది నన్ను మెల్లగా పిలిచారు. "అమ్మాయ్, వీడు పోతున్నాడే. ఏదో ఒకటి చెయ్యి. నీకు తెలుసు, నాకు తెలీదు."

తెల్లగా పోతున్నదాన్ని ఆపడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే. దాని మీద నలుపు పడాలి.

మేడ మీద పిట్టగోడ దగ్గర ఆయన్ని నిలబెట్టి, ఆ అద్దం కంటి ముందు పెట్టుకుని చూశాను. ట్యాంకు నల్లబడింది, దుప్పట్లు నల్లబడ్డాయి, ఆకాశం నల్లబడింది. ఆయన మొహం ఆ నలుపు మధ్యలో కాగితంలా వెలుగుతూనే ఉంది. అద్దాన్ని తలకిందులు చేశాను. వెనక్కి తిప్పాను. పడలేదు. ఆయన అద్దానికి ఇవతలికి వచ్చేశారు. ఇవతల ఉన్నవాళ్ళ మీద ఇవతలి నుంచి ఎంత పెట్టినా నలుపు పడదు. అవతలి నుంచి చూడాలి. అవతల ఎక్కడ నిలబడాలో నాకు ఆవిడ చూపించింది, గట్టు చివర స్తంభం పక్కన.

ఆదివారం ఆయన్ని తీసుకుని రిజర్వాయరుకి వెళ్ళాను. కారు నేనే నడిపాను. ట్రైపాడ్ నేనే నిలబెట్టాను. ఆయన అలవాటు కొద్దీ కెమెరా వెనక నిలబడ్డారు.

"ఇవాళ అద్దం ఏది?" అన్నారు.

"నా దగ్గరుంది. మీరు ఇక్కడే ఉండండి. నేను గట్టు చివరికి వెళ్తాను. పిలిచేదాకా కదలకండి."

"తల నల్లబడుతుంది నీకు," అన్నారు. ఎప్పటి జోకో అది. నవ్వలేదు ఆయన. నవ్వేందుకు మొహంలో గీతలు మిగల్లేదు.

గట్టు రాళ్ళు పొద్దుటి తడికి జారుతున్నాయి. చివర ఇనుప స్తంభం పక్కకి వెళ్ళి వెనక్కి తిరిగాను. సూర్యుడు నా వెనక లేచాడు. వెలుగు తిన్నగా ఆయన మీద పడింది. మామూలు కంటికి అక్కడ కెమెరా కనపడింది, ట్రైపాడ్ కనపడింది, చొక్కా కనపడింది. ఆ పైన తెలుపు. వెనక రిజర్వాయరు కట్ట మీది ఎండలో అది ఎక్కడ ఆగిందో తెలియలేదు.

మోచెయ్యి పక్కటెముకకి ఆనించి అద్దం ఎత్తాను.

అద్దంలో ఆయన పక్కన ఆవిడ ఉంది. నేనెప్పుడూ నిలబడే చోట, కెమెరాకి కుడి పక్కన, అదే దూరంలో. భుజానికి సంచీ. ఇద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి.

చెయ్యి వణికితే గీత వణుకుతుంది. ఊపిరి బిగబట్టి, అద్దాన్ని వెంట్రుకవాసి కిందికి జరిపాను. నలుపు ముందు కట్ట మీదికి దిగింది. తర్వాత ఆయన జుట్టు మీదికి. జుట్టు నల్లబడింది. ఇంకాస్త. నుదుటి మీద గీతలు లేచాయి. కనుబొమలు వచ్చాయి. అద్దం దించితే అవి మళ్ళీ పోతాయేమోనని ఒక్కో వివరం స్థిరపడేదాకా ఆగి, ఆగి, జరిపాను. పింగాణీ మీద ఆయన రంగు దిద్దేటప్పుడు ఇలాగే చేస్తారు. పుట్టుమచ్చ వచ్చింది. గడ్డం దాకా నలుపు దించాను. గడ్డం కింది మచ్చ ఇంత దూరానికి కనపడదు. కనపడిందనుకునేదాకా అక్కడే ఉంచాను.

ఆయన చెయ్యి పైకి లేచింది. కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమోయ్, ఎంతసేపు? ఎండ కళ్ళల్లో కొడుతోంది ఇక్కడ," అని అరిచారు.

ఆ గొంతు దగ్గరి నుంచే వచ్చింది. ఎన్నాళ్ళకో విన్నాను. రెండో చేత్తో స్తంభం పట్టుకున్నాను. అద్దం మాత్రం దించలేదు, ఆవిడ ఏం చేస్తుందో చూడాలని.

ఆవిడ మీద నలుపు పడలేదు. ఆయన వంక ఒక్కసారైనా తల తిప్పలేదు. నన్నే చూస్తోంది. నేను పని సరిగ్గా చేశానా లేదా అని చివరిదాకా ఆగి చూసి, తలూపింది. తర్వాత భుజానికున్న సంచీ తీసి, డ్యూటీ దిగేవాళ్ళు తాళాలు అప్పజెప్పినట్టు, రాయి మీద పెట్టింది. కట్ట వెంబడి నడిచి వెళ్ళిపోయింది. అడుగడుగుకీ ఆవిడ మీద నీడలు పడుతూ వచ్చాయి. చెట్ల నీడ, కట్ట నీడ. మలుపు దగ్గరికి వెళ్ళేసరికి మామూలు మనిషిలా మసకబారింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడ తేల్చుకున్నది ఆయన్ని కాదు. ఆయన కోసం గట్టు చివరిదాకా ఎవరు నడిచివస్తారో చూసుకుంది.

అద్దం దించాక రాయి మీద సంచీ లేదు. నా సంచీ నా భుజానికే ఉంది.

వచ్చేటప్పుడు కారు ఆయన నడిపారు. ఎండకి కళ్ళు చికిలిస్తూ, రోడ్డు మీద గుంతల్ని తిడుతూ. ల్యాబులో ఆ తెల్ల పళ్ళ సంగతి చెప్తే, "నేనా? అలాంటివా?" అని సిగ్గుపడ్డారు. ఇంట్లోకి రాగానే అత్తగారు కొడుకు గడ్డం పట్టుకుని వెలుగుకి తిప్పారు. బొటనవేలు ఒకచోట ఆగింది. అక్కడే కాసేపు ఉంచారు. తర్వాత వీపు మీద ఒకటి చరిచి, "కాళ్ళు కడుక్కుని రా, అన్నం చల్లారిపోతోంది," అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళాను. వడ్డించడానికి చెయ్యి చాచినప్పుడు అత్తగారు నా వంక చూశారు.

"ఏమే, నీ మొహం ఇవాళ..." అని ఆగిపోయారు.

నా మణికట్టు పట్టుకున్నారు. ఇస్త్రీపెట్టె అంటుకుని ఏర్పడిన మచ్చ అక్కడ ఉండేది, ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలోది. ఆవిడే దానికి తేనె రాశారు, రాస్తూ తిట్టారు కూడా. ఇప్పుడు అక్కడ నున్నగా ఉంది. అత్తగారి బొటనవేలు వెతుకుతూనే ఉంది.

"వాడికి చెప్పకు," అన్నారు చివరికి. చెయ్యి మాత్రం వదల్లేదు.

చెప్పలేదు. చెప్తే ఆయన అద్దం తీసుకుని గట్టు చివరికి నడుస్తారు, నాకు తెలుసు. అందుకే దాన్ని బీరువాలో నా బట్టల అడుగున పెట్టి, తాళం నా దగ్గరే ఉంచుకున్నాను. వరండాలో లైటు అక్కర్లేకుండా నడుస్తున్నాను. మధ్యాహ్నం ఇల్లు నిద్రపోయినప్పుడు అద్దం తీసి, కిటికీ దగ్గర కంటి ముందుకెత్తి చూస్తాను. వీధి నల్లబడుతుంది, వచ్చేపోయేవాళ్ళు నల్లబడతారు. బాగుంటుంది చూడటానికి. ఒక్కొక్కళ్ళనీ చూస్తాను.

నిన్న సోడాబుడ్డి ఫోను చేశాడు.

"మేడమ్, ఆ పేరులేని అద్దం మీకు అక్కర్లేకపోతే పంపించెయ్యండి. ఒక జంట వచ్చి అడుగుతున్నారు. ఆయనకి ఫొటోల పిచ్చి."

"ఆవిడకి?" అన్నాను.

"ఆవిడ సామాను మోస్తుంది. కానీ ఎంపిక అంతా ఆవిడదే లెండి. మీలాగే, కాగితం అడిగి మరీ చూసింది. భర్త అంటే మహా ప్రేమలా ఉంది, ఆయన చెమట కూడా ఆవిడే తుడుస్తోంది."

ఫోను చెవి దగ్గర పెట్టుకుని రెండో చేత్తో బీరువా తలుపు తెరిచాను. తలుపు అద్దంలో నా మొహం చూసుకున్నాను. కనుబొమ ఒకటి ఇంకా ఉంది.

"మేడమ్? ఉన్నారా?"

"ఉన్నానండీ," అన్నాను. "ఇంకా తేల్చుకోలేదు."